నమ్మకాన్ని లెక్కగట్టిన వందేళ్లు

సైన్సు పెరిగితే మతం వెనక్కి తగ్గుతుందన్న మాటను సమాజశాస్త్రం పరిశోధించి తేల్చలేదు, పుట్టుకతోనే వెంట తెచ్చుకుంది. మనిషి ఆలోచన దైవభావన, తాత్విక ఊహ దాటి విజ్ఞాన దశకు చేరుతుందని ఆగస్ట్ కామ్టే 1830లలోనే సూత్రీకరించాడు. 1896లో అమెరికాలో ఆండ్రూ డిక్సన్ వైట్ సైన్సుకూ మతానికీ యుద్ధమేనంటూ రెండు సంపుటాలు రాశాడు. ఏ మతశాఖకూ కట్టుబడని కార్నెల్ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పి చర్చి వర్గాల నిందలు పడ్డవాడాయన.

ఈ యుద్ధకథను 1938లో సమాజశాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ తలకిందులు చేశాడు. 1663 నాటి రాయల్ సొసైటీ సభ్యుల్లో మత నేపథ్యం తెలిసిన 68 మందిలో 42 మంది ప్యూరిటన్లేనని, అంటే కఠిన నిష్ఠగల ప్రొటెస్టెంట్లేనని లెక్క చూపాడు. ఇంగ్లండ్ జనాభాలో వాళ్లు కొద్దిమందే. సృష్టిని శోధించడం కూడా దేవుణ్ణి కొలవడమేనన్న భావన వాళ్లను సైన్సు వైపు నడిపించిందని ఆయన వాదన. అసలు ఎవరిని ప్యూరిటన్ అనాలని చరిత్రకారులు పేచీ పెట్టారు. ఆ పేచీలో న్యాయముంది. అయినా సైన్సులోకి ఎవరు వచ్చారు, ఎందుకు వచ్చారు అని అడగడం నేర్పింది మెర్టనే.

శాస్త్రవేత్తలనే నేరుగా అడిగినవాడు అంతకుముందే ఉన్నాడు. మనస్తత్వవేత్త జేమ్స్ ల్యూబా 1914లో వెయ్యిమంది అమెరికన్ శాస్త్రవేత్తలకు ప్రశ్నపత్రం పంపాడు. ప్రార్థిస్తే బదులిచ్చే దేవుణ్ణి నమ్ముతారా అన్నది అందులో కీలకం. నమ్ముతామన్నవాళ్లు సుమారు 42 శాతం. చదువు వ్యాపించేకొద్దీ ఈ అంకె పడిపోతుందని ఆయన జోస్యం చెప్పాడు. ఎడ్వర్డ్ లార్సన్, లారీ విథమ్ 1996లో అదే ప్రశ్న మళ్లీ అడిగితే దాదాపు 40 శాతం తేలింది. అమెరికా జాతీయ సైన్సు అకాడమీ సభ్యులను అడిగినప్పుడు మాత్రం 7 శాతమే. ఒకే దేశంలో, ఒకే వృత్తిలో ఇంత తేడా ఉందంటే, సైన్సు ఒక్కటే మనిషి నమ్మకాన్ని నిర్ణయించదన్నమాట. అతని కుటుంబం, పెంపకం, అతను చేరిన బృందం అన్నీ అందులో కలిసే ఉంటాయి.

ల్యూబా ప్రశ్న మన దేశానికి సరిపోదు, ఇక్కడ నమ్మకంతో పాటు ఆచారాన్నీ అడగాలి. శ్రీహరికోటలో ప్రయోగానికి ముందు ఇస్రో అధికారులు రాకెట్ నమూనాను తిరుమల వేంకటేశ్వరుడి సన్నిధిలో పెడతారు, సూళ్లూరుపేటలో చెంగాళమ్మను దర్శించుకుంటారు. ఆ వెంటనే కౌంట్‌డౌన్‌కు కూర్చుంటారు. 2007-08లో భారత శాస్త్రవేత్తలపై జరిగిన ఒక పెద్ద సర్వే ఈ తిరుమల దర్శనం మీదే సూటిగా అభిప్రాయం అడిగింది. మనకు కావలసిన ప్రశ్న అదే.

ఆ తర్వాత సమాజశాస్త్ర పరిశోధకుడు రెన్నీ థామస్ బెంగళూరు ప్రయోగశాలల్లో ఉండి పరిశీలించాడు. నాస్తికులమని చెప్పుకునే శాస్త్రవేత్తలు కూడా పూజల్లో, పండుగల్లో పాల్గొంటూ, ఇది మా సంస్కృతి అనడం గమనించాడు. వాళ్లను కపటులనడం తేలికే, కానీ ఆ తీర్పుతో మనకేమీ అర్థం కాదు. థామస్ అంతటితో ఆగక కులం దగ్గరికి వెళ్లాడు. మన సైన్సు సంస్థల్లో బ్రాహ్మణులే ఎందుకు ఎక్కువగా కనిపిస్తారు, ప్రతిభ అన్న మాట చాటున ఏ వారసత్వం నడుస్తోంది అని అడిగాడు. దైవభక్తి గురించి ఎన్ని సర్వేలు చేసినా ఈ ప్రశ్నకు జవాబు దొరకదు.