పండిత రమాబాయి: కరువులో నిలిచిన విశ్వాసం



పంతొమ్మిదో శతాబ్దపు సంఘసంస్కర్తల గురించి చదివేటప్పుడు పండిత రమాబాయి పేరు మీకు తారసపడే ఉంటుంది. వితంతువులకు చదువు చెప్పించిన మహిళ అని పాఠ్యపుస్తకాలు రెండు వాక్యాల్లో ముగిస్తాయి. మనం ఇప్పుడు వేరే ప్రశ్న వేసుకుందాం. అయినవాళ్లందరినీ ఒకరి తర్వాత ఒకరుగా పోగొట్టుకున్న ఈమెను క్రైస్తవ విశ్వాసం ఎలా నిలబెట్టింది? ఆమె చేత ఏమేమి చేయించింది?

రమాబాయి 1858లో పడమటి కనుమల్లోని గంగామూల వద్ద జన్మించారు. తండ్రి అనంతశాస్త్రి డోంగ్రే తన భార్యకు సంస్కృతం నేర్పి పండితుల ఆగ్రహానికి గురయ్యారు. ఆ తల్లే రమాబాయికి గురువు. పుణ్యక్షేత్రాలు తిరుగుతూ, పురాణం చదివి వినిపిస్తూ ఆ కుటుంబం బతికేది. 1870లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కరువు వచ్చింది. ఆ దశకంలోనే, 1876లో, రాయలసీమను ఊడ్చేసిన కరువును మన పెద్దలు ధాత కరువు అన్నారు. చేతిలో డబ్బు అయిపోయింది. పాత్రలు, నగలు అమ్ముకున్నారు. కూలికి వెళ్లడానికి కులగౌరవం అడ్డొచ్చింది, వెళ్దామన్నా ఏ పనీ చేతకాదు. తండ్రి, తల్లి, అక్క కొద్ది నెలల తేడాలో కన్నుమూశారు. ఈ 'పని చేతకాకపోవడం' అన్న మాట గుర్తుంచుకోండి.

మిగిలిన అన్నాచెల్లెళ్లు కాలినడకన దేశం తిరిగి 1878లో కలకత్తా చేరారు. అక్కడి విద్వాంసులు ఆమెకు 'పండిత', 'సరస్వతి' బిరుదులిచ్చారు. 1880లో అన్న మరణించాడు. అదే ఏడాది ఆమె బిపిన్ బిహారీ మేధావి అనే బెంగాలీ న్యాయవాదిని కులం కాదని వివాహమాడారు. 1882లో కలరా ఆయననూ తీసుకుపోయింది. ఒడిలో ఏడాది కూడా నిండని కూతురు మనోరమ. రమాబాయికి అప్పటికి ఇరవై నాలుగేళ్లు నిండలేదు.

1883లో ఇంగ్లండు వెళ్లి, వాంటేజ్‌లోని సన్యాసినుల మఠంలో ఆశ్రయం పొందారు. వెంట వెళ్లిన స్నేహితురాలు అక్కడే ఆత్మహత్య చేసుకుంది. ఆ తర్వాత సెప్టెంబరులో రమాబాయి, మనోరమ బాప్తిస్మం తీసుకున్నారు. దిక్కులేక మతం మారిందని కొందరు తేల్చేశారు. ఆ వాదన నిలవదని నా అభిప్రాయం. దిక్కులేక మారిన మనిషి దిక్కైనవాళ్లతో తగవు పడదు కదా! ఈమె త్రిత్వ సిద్ధాంతాన్ని ప్రశ్నించారు, బిషప్పుల పెత్తనాన్ని ఒప్పుకోలేదు. మెడలో వేసుకునే శిలువ మీద లాటిన్ ఎందుకు, సంస్కృతం ఉండాలన్నారు. శాకాహారం కూడా మానలేదు. క్రైస్తవ మతం తనకు ఇంగ్లండులోనే దొరికినా, క్రీస్తు మాత్రం కొన్నేళ్ల తర్వాతే దొరికాడని ఆమే రాసుకున్నారు. అంటే బాప్తిస్మంతో ఆమె అశాంతి తీరలేదన్నమాట.

1889లో బొంబాయిలో శారదా సదన్ ప్రారంభించి, మరుసటి ఏడాది పుణేకు మార్చారు. అమ్మాయిలను క్రైస్తవంలోకి లాగుతున్నారని 1893లో పెద్ద దుమారం లేచింది. తిలక్ పత్రిక 'కేసరి' తీవ్రంగా విమర్శించింది. రానడే, భండార్కర్ వంటి పెద్దలు సలహాసంఘం నుంచి తప్పుకున్నారు. ఆ విమర్శను పూర్తిగా కొట్టిపారేయలేం. తన విశ్వాసాన్ని ఆమె దాచుకోలేదు, ఆశ్రయం కోరి వచ్చినవారి మీద దాని ప్రభావం పడకుండా ఎలా ఉంటుంది?

1896లో మధ్యపరగణాల్లో కరువు మొదలైంది. ఆ వార్త వినగానే రమాబాయికి తన బాల్యం కళ్ల ముందు మెదిలింది. స్వయంగా వెళ్లి, కరువు శిబిరాల్లో అనాథలైన బాలికలను, యువతులను వందల సంఖ్యలో తీసుకొచ్చారు. సరిగ్గా అప్పుడే పుణేలో ప్లేగు. అంతమందిని ఊళ్లో ఉంచడానికి వీల్లేకపోయింది. కేడ్‌గావ్‌లో తాను కొన్న పొలంలో గుడారాలు వేయించారు. అదే తర్వాత 'ముక్తి సదన్' అయింది. ప్లేగు ఆసుపత్రుల్లో స్త్రీలను చూస్తున్న తీరు బాగాలేదని ప్రభుత్వం మీద పత్రికకు రాయడానికీ ఆమె వెనుకాడలేదు. 1900లో గుజరాత్ కరువు బాధితులు కూడా చేరాక అక్కడ నివాసుల సంఖ్య రెండు వేలకు చేరువైంది.

ముక్తిలో ప్రార్థనతో పాటు ప్రతి ఒక్కరికీ ఏదో ఒక పని ఉండేది. నేత, కుట్టు, తోటపని, పాడి, నూనె తీయడం, అచ్చుపని. చూపులేని స్త్రీలకు బ్రెయిలీ నేర్పారు. కరువులో తన తల్లిదండ్రులకు లేనిది ఏమిటో ఇందాక చెప్పుకున్నాం. ఆ లోటు ఈ పిల్లలకు ఉండకూడదనే ఈ ఏర్పాటు.

చివరి సంవత్సరాల్లో ఆమెకు వినికిడి బాగా తగ్గింది. హీబ్రూ, గ్రీకు మూలాల నుంచి బైబిలును సామాన్యులకు అర్థమయ్యే మరాఠీలోకి అనువదిస్తూ గడిపారు. తన తర్వాత సంస్థను నడుపుతుందనుకున్న మనోరమ 1921 జులైలో మరణించింది. రమాబాయి పని ఆపలేదు. 1922 ఏప్రిల్ 5న కన్నుమూశారు. ముక్తి మహిళలు స్వయంగా అక్షరాలు కూర్చి అచ్చువేసిన ఆ మరాఠీ బైబిలు 1924లో వెలువడింది.