విండోస్ ఎక్స్‌పీని వీడని తెలుగు డీటీపీ: చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం:

కంప్యూటరులోని ఆపరేటింగ్ సిస్టమ్‌ను మార్చుకోవాలా, వద్దా అన్న నిర్ణయాన్ని సాధారణంగా ఖర్చు, వేగం, భద్రతలతో ముడిపెట్టి చూస్తారు. తెలుగు ముద్రణరంగంలో ఈ నిర్ణయాన్ని ప్రధానంగా లిపి శాసించింది. 2014 ఏప్రిల్ 8న మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ ఎక్స్‌పీకి మద్దతు నిలిపివేసిన తరువాత కూడా పలు డీటీపీ కేంద్రాలు దానినే వాడుతూ వచ్చాయి. దీనిని మార్పు పట్ల విముఖతగా భావించడం పరిపాటి. నాటి సాంకేతిక పరిస్థితులను కాలక్రమంలో పరిశీలిస్తే ఆ అభిప్రాయం నిలవదు.

ఎక్స్‌పీతో వచ్చిన తెలుగు:

యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే స్థానం లభించింది. అయితే సంకేతసంఖ్య ఉన్నంత మాత్రాన అక్షరం తెరపై రూపుకట్టదు. ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి యూనికోడ్‌లో ఆరు సంకేతాలు అవసరమవుతాయి. వాటిని కలిపి, ఒత్తులను, గుణింతాన్ని తగిన చోట అమర్చే ఏర్పాటు వ్యవస్థలో ఉండాలి. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి ఈ ఏర్పాటు ఉంది, తెలుగుకు లేదు. 2001 అక్టోబరులో వెలువడిన ఎక్స్‌పీ ‘గౌతమి’ ఖతితో పాటు ఆ లోటును తీర్చింది. అదైనా నేరుగా పనిచేసేది కాదు. సెట్టింగులలో ప్రత్యేకంగా ఎంచుకొని, చాలా సందర్భాలలో ఎక్స్‌పీ సీడీని మళ్లీ పెట్టి చేర్చుకోవలసి వచ్చేది. పైగా విండోస్ 98కు కనీసం 16 ఎంబీ మెమొరీ సరిపోగా, ఎక్స్‌పీకి 64 ఎంబీ కావాలి. అయినా 2003లో మొదలైన తెలుగు వికీపీడియా వంటి చోట్ల రాసేవారికి ఈ మార్పు స్పష్టమైన లాభమే.

పేజీమేకర్ చిక్కుముడి:

పుస్తకాలు, పత్రికలు కూర్చేవారి స్థితి వేరు. వారి పని పేజీమేకర్‌లో, అను వంటి ఖతులతో సాగేది. ఈ ఖతులలో ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంకేతాలపై తెలుగు అక్షరాల ముక్కలను, అంటే తలకట్టును, కొమ్మును, ఒత్తును, కూర్చిపెట్టారు. కంప్యూటరు దృష్టిలో ఆ పాఠం తెలుగే కాదు. ఖతి తొలగిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాల వరుస మిగులుతుంది. అచ్చుకు మాత్రం అది చక్కగా సరిపోయింది. శీర్షికలకు, శుభలేఖలకు కావలసిన అక్షరరూపాల వైవిధ్యం అందులో ఉంది. గౌతమి ఒక్కదానితో పత్రిక నడవదు.

పేజీమేకర్‌కు 2001 నాటి 7.0 చివరి ప్రధాన వెర్షన్. దానికి యూనికోడ్ తెలుగు తెలియదు. దాని స్థానంలోకి వచ్చిన ఇన్‌డిజైన్ 2012 నాటి సీఎస్6తో గాని తెలుగును అధికారికంగా స్వీకరించలేదు. అంటే ఆపరేటింగ్ సిస్టమ్ తెలుగు నేర్చిన పదకొండేళ్లకు గాని పుటల కూర్పు సాధనం నేర్వలేదు. మండలి, రామభద్ర వంటి ఉచిత యూనికోడ్ ఖతులు వ్యాప్తిలోకి వచ్చిందీ ఆ దశకంలోనే. ఈ వ్యవధిలో కొత్త విండోస్‌కు మారడం వల్ల కూర్పరికి దక్కేది తక్కువ, పోయేది ఎక్కువ. పాత కీబోర్డు సాఫ్ట్‌వేరు పనిచేస్తుందన్న హామీ లేదు. 64 బిట్ల విండోస్ అయితే 16 బిట్ల ప్రోగ్రాములను నడపనే నడపదు. నాలుగు వందల పుటల గ్రంథం మధ్యలో ఉండగా అటువంటి సాహసం ఎవరు చేస్తారు? ఎక్స్‌పీ యంత్రాన్ని ఇంటర్నెట్ నుండి తప్పించి కూర్పుకు మాత్రమే ఉంచుకోవడం ఆ స్థితిలో వివేకవంతమైన నిర్ణయమనే చెప్పాలి.

పరిశోధనపై ప్రభావం:

ఆ వివేకానికి మూల్యం చెల్లించినది పరిశోధన. 2009 నాటి యూజీసీ నిబంధనలు సిద్ధాంతగ్రంథాల ఎలక్ట్రానిక్ ప్రతిని తప్పనిసరి చేశాయి. అను ఖతులలో టైపు చేసి పీడీఎఫ్‌గా మార్చిన సిద్ధాంతగ్రంథం తెరపై నిర్దోషంగా కనిపిస్తుంది. కాని అందులో ‘శాసనం’ అన్న పదాన్ని తెలుగులో వెతికితే ఒక్క ఫలితమూ రాదు. ఉద్ధరణను నకలు చేసి వేరొక పత్రంలో అతికిస్తే ఆంగ్ల అక్షరాలు, విరామచిహ్నాలు కలగలిసి వస్తాయి. ఒక తరం పరిశోధన భద్రంగానే ఉన్నా అన్వేషణకు అందడం లేదు. యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నప్పటికీ ఒత్తులు, సంయుక్తాక్షరాలు తారుమారయ్యే అవకాశం ఉన్నందున ప్రతి పుటనూ మూలంతో సరిపోల్చి దిద్దక తప్పదు. మూలం పేజీమేకర్ ఫైలుగా మాత్రమే మిగిలిన చోట, దానిని తెరవడానికి మళ్లీ ఆ పాత ఎక్స్‌పీ యంత్రమే శరణ్యమవుతోంది.