కడుపు నిలవకపోతే తప్పెవరిది?



కొన్నేళ్ల కిందట మా వీధిలో ఒక ఇల్లాలికి మూడోసారి కడుపు పోయింది. ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన రోజున అత్తగారు వాకిట్లోనే అనేసింది, "మేనమామను చేసుకుంటే ఇంతే మరి" అని. ఆ అత్తగారే ఆ పిల్లకు అమ్మమ్మ. సంబంధం కుదిర్చిందీ ఆవిడే.

ఈ మాటలో నిజమెంతో మన పక్క జిల్లాలోనే ఒకప్పుడు లెక్క తీశారు. అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ పరిశోధకులు సుందర్ రావు, ఇన్బరాజ్ వేలాది దంపతుల వివరాలు సేకరించారు. పల్లెల్లో దాదాపు సగం పెళ్లిళ్లు రక్తసంబంధంలోవే. 1977లో వాళ్లు ప్రకటించిన ఫలితం వినండి: గర్భస్రావాల్లో మేనరికపు జంటలకూ బయటి సంబంధాల జంటలకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. అలాగని మేనరికానికి నేను వకాల్తా పుచ్చుకోవడం లేదు. పుట్టే బిడ్డలకు కొన్ని వంశపారంపర్య జబ్బులు వచ్చే ప్రమాదం అందులో ఎక్కువే. కానీ కడుపు పోవడానికి కారణం వేరేచోట వెతకాలి.

మనిషి జీవకణంలో 46 క్రోమోజోములుంటాయని 1956లో తేలింది. ఆ తర్వాత పోయిన పిండాలను పరీక్షిస్తే, మొదటి మూడు నెలల్లో పోయేవాటిలో దాదాపు సగానికి ఆ లెక్క తప్పినట్టు కనబడింది. అండం తయారయ్యేటప్పుడు ఎక్కువగా జరిగే పొరపాటది. తల్లి వయసు 35 దాటేకొద్దీ పెరుగుతుంది. బొప్పాయి తిన్నందుకో, గ్రహణం చూసినందుకో వచ్చేది కాదు. పదేపదే కడుపు పోయే జంటల్లో నూటికి మూడు నుంచి ఐదింటిలో, తల్లికో తండ్రికో క్రోమోజోము ముక్కలు చోటు మారి ఉంటాయి. తండ్రికో అన్న మాట గమనించండి. పరీక్షకు మగవాణ్ణి పిలిచే ఇళ్లు మన వైపు ఎన్ని?

నాలుగైదు నెలలు నిండాక నొప్పులు పెద్దగా లేకుండానే జారిపోయే కడుపుల కథ వేరు. గర్భాశయ ముఖద్వారం బలహీనమై ముందే తెరుచుకుంటుంది. బొంబాయి వైద్యుడు శిరోద్కర్, రోగి తొడ కండరం మీది పొర నుంచి తీసిన పట్టీతోనే ఆ ద్వారాన్ని బిగించి కట్టే పద్ధతి కనిపెట్టారు. 1955లో దాన్ని వెల్లడించింది ఏ లండన్ పత్రికలోనో కాదు, అప్పట్లో మన మద్రాసు నుంచి వచ్చిన 'యాంటిసెప్టిక్' లో. నేటికీ ప్రపంచమంతటా ఆ కుట్టును ఆయన పేరుతోనే పిలుస్తారు.

1983లో లండన్ వైద్యుడు గ్రాహం హ్యూస్ మరో కారణం వివరించారు. శరీర రక్షణ వ్యవస్థే దారితప్పి రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. మాయకు రక్తం సరిగా అందదు. రక్తపరీక్షలో ఇది బయటపడితే, డాక్టరు పర్యవేక్షణలో తక్కువ మోతాదు ఆస్పిరిన్, హెపారిన్ ఇంజెక్షన్లతో చాలామందికి కాన్పు నిలుస్తోంది. థైరాయిడ్ లోపం, అదుపులో లేని చక్కెర జబ్బు, గర్భసంచిలో పుట్టుకతో వచ్చిన అడ్డుగోడ కూడా చూసుకోవలసినవే.

ఇన్ని వెతికినా దాదాపు సగం జంటల్లో కారణం దొరకదు. దొరకనివారిలోనూ ఎక్కువమందికి తర్వాతి కాన్పు నిలుస్తుంది. మా వీధి ఇల్లాలికి ఈ మాట చెప్పిన లేడీ డాక్టరు మొదట అడిగింది, "మీ ఆయన ఎక్కడమ్మా?" అని. ఆయన బయట బండి దగ్గర నిలబడి ఉన్నాడు.