ఎర్ర చార బీరు, మంచు ఓడ, కర్రపెండలం

యానాం పేరు చెబితే బయటివాళ్ళకి ముందు గుర్తొచ్చేది ఇక్కడ మందు చౌక అన్న సంగతే. ఆ మాట విని విని మాకు విసుగొచ్చింది. అయినా ఈసారి నేను రాసేది కూడా బీరు గురించేనండి. కాకపోతే అది మన దుకాణాల్లో దొరికేది కాదు, జమైకా దీవిది. పేరు రెడ్ స్ట్రైప్, అంటే ఎర్ర చార. బంధువులబ్బాయి ఒకడు సెలవులకొస్తూ రెండు సీసాలు తెచ్చాడు.

ముందు రుచి సంగతి. సీసా గోధుమరంగులో పొట్టిగా, బొద్దుగా, పాతకాలపు దగ్గుమందు సీసాలా ఉంది. గ్లాసులో పోస్తే లేత బంగారు రంగు, తెల్లటి నురగ. ఆ నురగ ఎంతోసేపు నిలవదు. వాసన చూస్తే ఉడికించిన మొక్కజొన్న పొత్తు గుర్తొచ్చింది. మొదటి గుక్కలో కాస్త తీపి, ఆఖర్న చేదు ఉందా లేదా అన్నట్టు. ఆల్కహాలు 4.7 శాతం. బాగా చల్లగా ఉన్నంతసేపే దాని అందం. పావుగంట వదిలేస్తే చప్పబడిపోతుంది. గొప్ప బీరని నేననను. ఎండాకాలం మధ్యాహ్నం పండుగప్ప వేపుడు పక్కన పెట్టుకుంటే మాత్రం వంక పెట్టడానికి లేదు.

అసలు అంత వేడి దేశంలో లాగర్ ఎలా పుట్టిందా అన్నదే నాకు ఆసక్తి. లాగర్‌ని పది డిగ్రీల దగ్గర పులియబెట్టి, ఆ తర్వాత ఇంకా చల్లగా వారాల తరబడి నిలవుంచాలి. జర్మనీలో దానికి గుహలూ మంచూ ఉన్నాయి. కరీబియన్‌కి మంచు ఓడెక్కి వచ్చింది. 1806లో బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ గడ్డకట్టిన చెరువు మంచును కోయించి మార్టినిక్ దీవికి పంపాడు. జనం నవ్వారు, నష్టమూ వచ్చింది, అయినా వదల్లేదు. 1833లో అతని మంచు కలకత్తా చేరింది. మద్రాసు సముద్రపొడ్డున ఉన్న ఐస్ హౌస్, ఇప్పటి వివేకానంద ఇల్లం, ఆ మంచు దాచడానికి కట్టిందే.

మార్టినిక్ పేరు ఊరికే ఎత్తలేదు. 1848లో ఫ్రెంచివారి దీవుల్లో బానిసత్వం రద్దయ్యాక చెరుకు తోటలకి కూలీలు కరువయ్యారు. 1853 నుంచి మార్టినిక్‌కి, 1854 నుంచి గ్వాదెలూప్‌కి మనవాళ్ళను ఒప్పంద కాగితాల మీద ఓడలెక్కించారు. వాళ్ళలో ఎక్కువమంది తమిళులు, యానాం వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. ఇంగ్లీషువారి జమైకాకి 1845 నుంచి సుమారు 36 వేలమంది భారతీయులు వెళ్ళారు, ఎక్కువగా కలకత్తా రేవు నుంచి. వాళ్ళు నరికిన చెరుకు పంచదారైంది, మిగిలిన మడ్డి రమ్మైంది. కూలీకి అందింది ఆ రమ్మే. బీరు సీమ నుంచి దిగే దొరల సరుకు.

1918లో కింగ్‌స్టన్‌లో డెస్నోస్, గెడ్డెస్ అనే ఇద్దరు కలిసి కంపెనీ పెట్టారు. 1928లో రెడ్ స్ట్రైప్ పేరుతో వాళ్ళు తీసింది లాగర్ కాదు, ఇంగ్లీషు పద్ధతి ఏల్. ఆ ఎండకి అంత బరువైన బీరు జనానికి నచ్చలేదు. 1938లో గెడ్డెస్ కొడుకు పాల్, బిల్ మార్టిండేల్ కలిసి దాన్ని లాగర్‌గా మార్చాక నిలబడింది. 1962 ఆగస్టు 6న జమైకాకి స్వాతంత్ర్యం వచ్చింది. సరిగ్గా పది రోజులకి, ఆగస్టు 16న, యానాం చట్టప్రకారం భారత్‌లో కలిసింది. (రెండింటికీ సంబంధమేమీ లేదు, రాయకుండా ఉండలేకపోయానంతే.) అక్కడ జెండాతో పాటు ఈ సీసా కూడా దేశం గుర్తుల్లో ఒకటైపోయింది.

అందుకే 2012లో గొడవైంది. అప్పటి యజమాని డియాజియో, అమెరికాలో అమ్మే రెడ్ స్ట్రైప్‌ని పెన్సిల్వేనియాలో తయారుచేయించడం మొదలెట్టింది. సీసా మీద మాత్రం జమైకా పేరే. కొన్నవాళ్ళు కోర్టుకెక్కారు. 2015లో హైనెకెన్ కొన్నాక, 2016లో ఆ పని మళ్ళీ కింగ్‌స్టన్‌కి చేరింది. ఇంగ్లండులో తాగినదైతే చాలా ఏళ్ళు బెడ్‌ఫర్డ్‌లో కాచిందే.

మరి జమైకా బీరంటే ఏంటి? బార్లీ మాల్టు, హాప్స్ రెండూ బయటినుంచే రావాలి. నీళ్ళు, మనుషులు అక్కడివి. ఒక దశలో దిగుమతి మొక్కజొన్న పాకానికి బదులు కొంత కర్రపెండలం పిండి వాడడం మొదలెట్టారు, స్థానిక రైతులచేత పండించి. ఇది నాకు నచ్చింది. కర్రపెండలం మనకి తెలియందా! సామర్లకోట, పెద్దాపురం మిల్లుల్లో సగ్గుబియ్యం చేసేది ఆ దుంపతోనే. మనం పాయసం చేసుకున్నాం, వాళ్ళు బీరు కాచుకున్నారు.