ఇషాపూర్ .410 మస్కెట్

పాత సైనిక రైఫిల్ గొట్టాన్ని వెడల్పు చేశారంటే దెబ్బకు బలం పెంచడానికేనని అనుకుంటాం. బ్రిటిష్ హయాంలో బెంగాల్‌లోని ఇషాపూర్ కర్మాగారంలో జరిగింది సరిగ్గా దీనికి తలకిందులు. .303 లీ-ఎన్‌ఫీల్డ్ గొట్టాన్ని 7.7 మిల్లీమీటర్ల నుంచి 10.4కు తొలిచి, లోపలి మెలిగాడులు లేకుండా నున్నగా చేసి, పోలీసులకూ కాపలాదారులకూ ఇచ్చారు. మేగజీన్‌లో చెక్క దిమ్మ బిగించడంతో ఒక్కో తూటానే పెట్టి కాల్చాలి. దూరమూ గురీ తగ్గాయి; పాలకులకు కావలసిందీ అదే. తుపాకీ ఎవరైనా లాక్కుపోయినా సైన్యపు .303 తూటాలు అందులో పనికిరావు.

దిమ్మ పీకేస్తే సరిపోదా అనవచ్చు. దిమ్మ పీకొచ్చు గానీ, తొలిచేసిన ఇనుము తిరిగి రాదు. గొట్టమే మార్చాలి, అది ఊరి కొలిమిలో అయ్యే పని కాదు. దీని తూటా, మెడ నొక్కకుండా తిన్నగా వదిలేసిన .303 గుల్లే. అందుకే పేరు ఒకటే అయినా, నేటి .410 షాట్‌గన్ తూటా, ఆ తర్వాత మరే మార్పూ చేయని ఈ మస్కెట్‌లో పట్టదు.