ఇనుము కిందికి, బియ్యం పైకి

విశాఖ మన్యంలో పోడు కొండ మీద చోడి, సామ, కొర్ర, కంది కలిపి చల్లేవారు. ఒకటి పోయినా మరొకటి చేతికొచ్చేది. కడుపుతో ఉన్న మనిషికి ప్రత్యేకంగా వండిపెట్టడం తక్కువే. ఇంటిల్లిపాదికీ కాచిన చోడి అంబలే ఆమెకూ. పక్కన అడవి ఆకుకూరో, కందులో, దుంపలో ఉండేవి. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల చోళ్లలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. మర బియ్యంలో అది 10 మిల్లీగ్రాములే.

ఆకుకూర సంగతి లోకానికి తెలిసింది ఆలస్యంగానే. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు బొంబాయి వచ్చి, మిల్లు కూలీ స్త్రీలకు గర్భంతో ఉండగా రక్తం ఎందుకు తగ్గుతోందో వెతికారు. లోపం వాళ్ల తిండిలోనే ఉందని, ఈస్టు సారం ఇస్తే తేరుకుంటున్నారని చూపించారు. 1941లో అమెరికాలో పాలకూర నుంచి అలాంటి పదార్థాన్నే వేరు చేసి, ఆకు అనే అర్థమున్న లాటిన్ మాటతో ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. ఈరోజు ఆశా కార్యకర్త ఇచ్చే మాత్రలో ఇనుముతో పాటు ఉండేది అదే.

మన తిండి మారింది డిపోతో. 1956లో విశాఖ కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మన చింతపండు, అడ్డాకులు కొని, డీఆర్ డిపోల్లో సరుకులు అమ్మింది. 1983లో కిలో 2 రూపాయల బియ్యం వచ్చింది. ఆ బియ్యాన్ని తిట్టడం నాకు ఇష్టం లేదు. గాదె ఖాళీ అయ్యే వానాకాలంలో మామిడి టెంకల అంబలితో గడిపిన ఇళ్లు ఉన్నాయి, వాళ్లకు అది ప్రాణం. కానీ బియ్యం వచ్చినంత సులువుగా పప్పు, కూర రాలేదు. పోడు తగ్గింది, కొన్ని కొండలు కాఫీకి పోయాయి. గర్భిణి కంచంలో అన్నం, చింతపండు చారు మిగిలాయి.

మనవాళ్ల తప్పూ లేకపోలేదు. ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుందని కడుపు మాడ్చే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. దాన్ని ఆచారం అని సమర్థించను.

1960లలో కొత్తవలస–కిరండూల్ రైలు మార్గం మన కొండల్ని తొలుచుకుంటూ వేశారు. బస్తరులోని బైలడిలా ఇనుప ఖనిజం అరకు మీదుగా విశాఖ రేవుకు, జపాను ఓడలకు, తర్వాత ఉక్కు కర్మాగారానికి చేరింది. ఆ పట్టాల పక్క గూడేల్లో ఆడవాళ్ల ఒంట్లో మాత్రం ఇనుము లేదు! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశంలోని గర్భిణుల్లో 52 శాతానికి రక్తహీనత తేలింది. రోడ్డు లేని గూడెం నుంచి డోలీలో, ఆ తర్వాత అంబులెన్సులో 100 కిలోమీటర్లకు పైగా దిగి, 1923 నుంచి ఉన్న కింగ్ జార్జి ఆసుపత్రికి చేరాక రక్తం ఎక్కించుకునే పరిస్థితి మనది.

2020 సెప్టెంబరులో 77 గిరిజన మండలాలకు సంపూర్ణ పోషణ ప్లస్ పథకం వచ్చింది. తర్వాత ఇంటికిచ్చే సరుకుల్లో రాగిపిండీ చేరింది. రాగి అంటే మన చోడే. పాడేరు, హుకుంపేట సంతలకు చోళ్లు ఇంకా వస్తూనే ఉన్నాయి. చింతపండు కొనే సంస్థే వాటినీ మంచి ధరకు కొని, పిండి పట్టించి, అదే మండలంలోని అంగన్‌వాడీకి ఇవ్వొచ్చు. దానికి కొత్త రైలు మార్గమేమీ అక్కర్లేదు.