కామాలు లేని ఆవకాయ

ఏ పని తరువాత ఏది చెయ్యాలో నెంబర్లు వేసి రాయడం ఆఫీసులో నాకు రోజూ ఉండే పనే. ఆ అలవాటుతో అమ్మ ఉత్తరంలోని ఆవకాయ పద్ధతిని కూడా నెంబర్లేసి టైపు చేశాను. అమ్మ రాసింది ఒకే వాక్యం: "కాయలు కడిగి తుడిచి ఆరబెట్టి ముక్కలు కొట్టి జీడి తీసి పొర తీసి గుడ్డతో తుడిచి..." అలా జాడీ మూతకి వాసెన కట్టేదాకా! కామా అన్నది లేదు. "తుడిచి" రెండుసార్లు పడింది, పొరపాటేమోనని రెండోది తీసేశాను. నెల తిరక్కుండానే బూజు పట్టింది.

అమ్మ రాత వెనక చాలా పాత అలవాటుంది. తాటాకుల మీద గంటంతో రాసేటప్పుడు మాటకీ మాటకీ మధ్య ఖాళీ కూడా వదిలేవారు కాదు. పద్యం చివర నిలువు గీతలు, అంతే. సి.పి. బ్రౌన్ 1820ల్లో కడపలో పండితుల్ని పెట్టుకుని కాగితం మీదికి ఎత్తి రాయించిన ప్రతులకు మూలాలు ఇలాంటి తాటాకులే. కామా, ఫుల్‌స్టాపు మనకి యూరప్ వాళ్ళ అచ్చుతో వచ్చాయి. విలియం కేరీ తెలుగు వ్యాకరణం శ్రీరాంపూర్‌లో అచ్చయింది 1814లో.

మరి అంతకు ముందు వరుస ఎలా తెలిసేది? బళ్ళో క్త్వార్థకం అని చదువుకున్నాం, గుర్తుందా? కడిగి, తుడిచి, కొట్టి. ఆ చివరి 'ఇ'కారమే "ఇది అయ్యాకే తరువాతది" అని చెబుతుంది. ఇంగ్లీషులో ఆఖరి పనికి ముందు 'అండ్' కావాలి, మనకి అక్కర్లేదు. "కడిగి, తుడిచి మరియు ఆరబెట్టి" అని ఇప్పుడు రాస్తున్నారు గానీ, ఏ వంటింట్లోనైనా అలా మాట్లాడగా విన్నారా?

అలాగని కామాలు వద్దనను. రెండు మూడు పనులైతే సరే, పది దాటితే ఇక్కడ పుట్టిన పిల్లలు దారి తప్పుతారు. అందుకని మళ్ళీ టైపు చేశాను. నెంబర్లు తీసేశాను. పని పనికీ కామా పెట్టాను. ఆరేదాకా ఆగాల్సిన చోట వాక్యమే ముగించి, "ఆరాక" అంటూ కొత్తది మొదలుపెట్టాను. రెండో "తుడిచి" దాని చోటికి అది వచ్చేసింది.

ఫోన్లో అమ్మకి చదివి వినిపించాను. కామా దగ్గరల్లా ఆగుతుంటే, "ఏంట్రా, ఆయాసమా?" అంది.